లెక్కకు రాని వీథులు: కర్నూలు, కడప పట్టణముల పారిశుద్ధ్య చరిత్ర

మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో, తాను పూర్వము ప్రధాన కలెక్టరుగా ఏడేండ్లు పాలించిన దత్తమండలములను, స్వదేశమునకు మరలిపోవుటకు ముందు మరియొకసారి చూచిపోవలెనని 1827 వేసవిలో బయలుదేరి, గుత్తి మీదుగా పత్తికొండకు వచ్చి డేరాలు వేయించుకొనినప్పుడు, అప్పటికే పరివారములో కొందరిని పట్టియుండిన కలరా ఆయనకును సోకి, జూలై 6వ తేది ఉదయమున మొదలైన వ్యాధి ఆ రాత్రికే ప్రాణములను హరించినది. తమ బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనునంతగా ఆయన నభిమానించిన ఈ సీమ రైతులు మిక్కిలి దుఃఖించిరి. ప్రభుత్వము ఆయన జ్ఞాపకార్థమై పత్తికొండలో ఒక తోపు నాటించి, రాతిమెట్ల బావి కట్టించినది. మలదూషితమైన నీటిద్వారా ప్రబలు వ్యాధిచే మృతుడైన వానికి, జనులు కాళ్లు తడుపుకొనుచు దిగి కడవలు ముంచుకొను దిగుడుబావి స్మారకమగుట ఆనాటివారి కెంతమాత్రమును విపరీతముగా తోచలేదు. ఏలయన, కలరాకు నీరే వాహనమని లండనులో జాన్ స్నో 1854లో వాదించుటకును, దాని సూక్ష్మజీవిని రాబర్ట్ కాక్ కలకత్తా చెరువునీటిలో 1884లో పట్టి చూపుటకును ఇంకను దశాబ్దములు గడువవలసియుండెను. దిగుడుబావులను ఆశ్రయించి బ్రదికిన మరియొక పీడ, కాలినుండి దారమువలె వెడలు నారికురుపు, కర్నూలు, కడప, అనంతపురము జిల్లాలను ఇరువదవ శతాబ్ది చివరిపాదము వరకును విడువలేదు. భారతదేశము దానినుండి విముక్తమైనదని 2000 సంవత్సరమున గాని నిర్ధారణ కాలేదు.

గవర్నరును, డేరాలు మోసిన కూలివానిని సమానముగా పట్టిన వ్యాధిని నివారించుటకు ఏర్పడిన వ్యవస్థ మాత్రము అందరిని సమానముగా చూడలేదు. కర్నూలు, కడప పట్టణముల నూటయేబది యేండ్ల పారిశుద్ధ్యచరిత్రను పరిశీలించినచో, చట్టముల కొరత గాని, ఉద్యోగుల కొరత గాని అంతగా కానరాదు. ఆ ఉద్యోగులకు ఏ వస్తువును చూచుటకు శిక్షణ యిచ్చిరో ఆ వస్తువే వారికి కనబడినదనియు, తక్కినది కన్నులయెదుట నున్నను కనబడలేదనియు మాత్రము స్పష్టముగా తెలియును.

తుంగభద్రయు హంద్రియు కలియుచోట కర్నూలును, కొండల నడిమి పల్లమున బుగ్గవంక యొడ్డున కడపయు వెలసినవి. రెండింటను సాలువారి వర్షపాతము ఏడువందల మిల్లీమీటర్లకు అటునిటు. 1901 నాటి జనసంఖ్య కర్నూలున సుమారు 25 వేలు, కడపలో సుమారు 16 వేలు. ఇంత చిన్న ఊళ్లలో, చెంబు పట్టుకొని తెల్లవారకమునుపే ఊరిబయటి కంపచెట్ల చాటునకు పోవుట తరతరముల ఆచారము. నిప్పులు చెరుగు ఎండకు పొలములోని మలము ఎండి మట్టిలో కలిసిపోవుటచే, పల్లెకు ఈ ఆచారము చాలినట్లే యుండెను. కోట, కచ్చేరి, సంత, పటాలము చేరి జనము ఒత్తిడిగా పెరిగిన పట్టణమునకే అది చాలలేదు. బయలు దూరమైనకొలది కష్టము ముందుగా ఆడువారిమీద పడినది: పగలు బయటికి పోరాదు, చీకటిపడిన పిదప పోవుటకు భయము, అందువలన నీరు త్రాగుటయే తగ్గించుకొనుట.

1800లో నిజాముచే దత్తమైన కడపయు, 1839లో నవాబునుండి కుంపిణీ వశమైన కర్నూలును మద్రాసు రాజధానిలో చేరిన పిదప, 1865 నాటి పట్టణాభివృద్ధి శాసనమునుబట్టి 1866లో కర్నూలునకును, ఆ వెంటనే కడపకును పురపాలకసంఘము లేర్పడినవి. కలెక్టరే అధ్యక్షుడు, సభ్యులు ప్రభుత్వ నియమితులు. ఇంటిపన్ను మొదలగువాని వలన వచ్చిన రాబడిలో పెద్దభాగము పోలీసుల జీతబత్తెములకే పోవలెనని ఆ శాసనము విధించుటచే, వీథుల శుభ్రతకు మిగిలినది స్వల్పము. ఆ స్వల్పము పన్నుచెల్లించు పెద్దబజారులకును, ఉద్యోగుల బంగళాలకును, కచ్చేరి పరిసరములకును వ్యయమైనది. పురపాలకసంఘ పట్టికలోనికి ఎక్కని పేటలు పారిశుద్ధ్యములోనికిని ఎక్కలేదు. పాకీపని చేయువారి గుడిసెలు ఆ పేటలలోనే యుండుట ఆ వ్యవస్థలోని క్రూరమైన పరిహాసము.

సంపన్నుల యిండ్లలో పాకీదొడ్డి ఏ తీరున నుండెడిదో తెలిసికొనుట అవసరము, ఏలయన శతాబ్దకాలము ఈ పట్టణముల పారిశుద్ధ్యమనగా అదియే. ఇంటి వెనుకగోడ నానుకొని, నేలకు మూరెడెత్తున రెండు నాపబండలు పరచి, నడుమ సందు విడిచి, క్రింద గంప గాని రేకుడబ్బా గాని ఉంచి, గోడ అడుగున చిన్న తలుపొకటి అమర్చెడివారు. ఆ తలుపు వెనుకనుండు ఇరుకుసందులోనికి తెరచుకొనును. ఇంటివారి కన్నులబడకుండ పాకీమనిషి వచ్చిపోవుటకై విడిచిన సందు అది. తెల్లవారుజామున ఆమె (ఈ పని చేసినది ఎక్కువగా ఆడువారే) బూడిద చల్లి, రేకుముక్కతో గీకి, చీపురుతో గంపలోనికి ఊడ్చి, నెత్తిన పెట్టుకొని, సందుచివర నిలిచిన ఎద్దుబండి పీపాలో కుమ్మరించెడిది. వానకాలమున గంప కారి ముఖముమీదికి జారెడిది. ఇంటివారు ఆమెకు పాతగుడ్డయు పండుగనాడు కాస్త అన్నమును దూరమునుండి పడవేసెడివారు. పుట్టుకచే ఈ పనికి కట్టుబడిన కులములవారిని పురపాలకసంఘము జీతగాండ్రను చేసినది గాని, పనిని మార్చలేదు. కులమునకు ఉద్యోగమను ముద్ర వేసినదంతే.

1876-78 నాటి మహాక్షామము ఈ లోపము నంతటిని ఒక్కసారిగా బయటపెట్టినది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఆ కరవున మిక్కిలి నలిగినవి. సహాయశిబిరములలో వేలకొలది జనము గుమిగూడినచోట ఆకలికంటె కలరా, రక్తగ్రహణులు ఎక్కువమందిని పొట్టనబెట్టుకొనినవి. కూలికి ఇయ్యవలసిన ధాన్యమును భారతప్రభుత్వ క్షామప్రతినిధి సర్ రిచర్డ్ టెంపుల్ తగ్గించినప్పుడు, మద్రాసు సానిటరీ కమిషనరు డాక్టరు కార్నిష్ ఆ కొలత మనుష్యుని నిలుపజాలదని బహిరంగముగా వాదించుట, ఆరోగ్యోద్యోగి తన పైయధికారుల లెక్కను బలహీనుల పక్షమున ఎదిరించిన అరుదైన ఘట్టము. అదే కాలమునకు సుంకేశుల ఆనకట్టనుండి బయలుదేరి కడపదాక పారు కె.సి. కాలువ, మద్రాసు ఇరిగేషను కంపెనీచే పూర్తియై యుండెను. 1882లో ప్రభుత్వమే దానిని కొనివేసినది. పంటలకై త్రవ్విన ఆ కాలువ కర్నూలు నడిబొడ్డున పారుటచే, జనులకు అది స్నానఘట్టము, చాకిరేవు, పశువుల రేవు, కాలక్రమమున మురుగుకాలువల కూడలి కూడ నైనది. పై పట్టణము విడిచిన మురికి క్రింది పల్లెలకు పోవుననెడి ఆలోచన పురపాలకసంఘపు సరిహద్దు దాటలేదు.

పందొమ్మిదవ శతాబ్ది చివర నుండి మద్రాసులో శిక్షణ పొంది వచ్చిన సానిటరీ ఇన్స్పెక్టరు ఈ పట్టణములలో పారిశుద్ధ్యమునకు ప్రతిరూప మైనాడు. 1884 నాటి జిల్లా మునిసిపాలిటీల శాసనము అతనికి అధికారమును, 1889 నాటి పట్టణ న్యూసెన్సు శాసనము అతనికి ఆయుధమును ఇచ్చినవి. బహిరంగస్థలమున మలవిసర్జన చేసినవానికి జుల్మానా విధింపవచ్చును; అతడు మరి యెక్కడికి పోవలెనో చెప్పవలసిన బాధ్యత మాత్రము ఏ శాసనమును ఆ ఇన్స్పెక్టరుపై మోపలేదు. మశూచి టీకాలు, ప్లేగు నాటి ఇండ్ల సోదాలు, సంతలో కుళ్లిన పండ్ల పారబోత, బావులలో పొటాషియం పర్మాంగనేటు: ఇవన్నియు అతని నిత్యకృత్యములు, వీనివలన ప్రాణములు దక్కినమాటయు నిజమే. కాని అతనికి నేర్పిన విద్య దోషమును పట్టు విద్య. వసతి లేనివానిని లెక్కించు విద్య కాదు. ప్రజారోగ్యమునకై ప్రత్యేకముగా 1939లో చేసిన మద్రాసు ప్రజారోగ్య శాసనము, పురపాలకసంఘములు తమ ఆదాయములో నూటికి 30 వంతులకు తగ్గకుండ ఆరోగ్యమునకు కేటాయింపవలెనని నిర్బంధించినది. గొప్ప నిబంధన అది. అయినను ఆ ముప్పదివంతులు ఏ వీథికి పోవలెనన్నది పూర్వపుపట్టికయే నిర్ణయించుచుండెను.

ఆ దినములలో జరిగిన మంచిపని యొకటి నేడు మరువబడినది. 1939లో బెంగుళూరున ఆచార్య అను రసాయనశాస్త్రజ్ఞుడు పట్టణపుచెత్తను మలముతో పొరలుపొరలుగా గుంతలలో పూడ్చి, లోపలి వేడిమికి క్రిములు నశింపగా, నెలల తరువాత ఎరువుగా తీయు పద్ధతిని రూపొందించినప్పుడు, మద్రాసు రాజధానిలోని పురపాలకసంఘములు దానిని గ్రహించి కంపోస్టు డిపోలు నడపినవి. ఎరువు కరవైన మెట్టరైతు బండి కట్టుకొని వచ్చి కొనిపోయెడివాడు. మలము పారవేయవలసిన వస్తువు కాదు, భూమికి తిరిగి చేరవలసిన వస్తువను ఎరుక ఈ సీమ రైతునకు కొత్తది కాదు. గుంతనింపినవారి చేతులకు తొడుగులు లేకుండుటయే ఆ పద్ధతిలోని కళంకము.

1953 అక్టోబరు 1వ తేదిన, కోస్తా, సీమ నాయకుల నడుమ కుదిరిన శ్రీబాగు ఒడంబడిక మాట నిలుపుటకై, కర్నూలు ఆంధ్రరాష్ట్రమునకు రాజధాని యైనది. కచ్చేరులు చాలక డేరాలలో కొలువుతీరిన ఆ మూడేండ్ల రాజధానికి మంత్రులు, గుమాస్తాలు, కక్షిదారులు, హోటళ్లవారు ఉన్నపళముగ వచ్చిపడుటచే, పాతిక ముప్పది వేల జనమునకై యేర్పడిన పాకీబండ్ల వ్యవస్థ ఆ భారమునకు తట్టుకొనునది కాదని తేటపడినది. 1956లో రాజధాని హైదరాబాదునకు తరలిపోయెను గాని, పట్టణము మరల చిన్నది కాలేదు. అప్పటినుండి సానిటరీ ఇన్స్పెక్టరు వెనుకకు తగ్గి, ఇంజనీరు ముందునకు వచ్చినాడు. అతని విద్యాలయములో నేర్పిన పరిష్కారము భూగర్భ మురుగుగొట్టము. అయితే గొట్టములో మలము నిలిచిపోకుండ సాగవలెనన్న నీరు పారవలెను. మురుగుగొట్టములు గల పట్టణమునకు తలసరి రోజునకు 135 లీటర్ల నీరు ఇయ్యవలెనని కేంద్రప్రభుత్వపు ప్రమాణము. వేసవిలో బిందెలు వరుసబెట్టి ట్యాంకరు కొరకు కాచుకొను వీథులలో ఈ ప్రమాణము కాగితమును దాటి రాలేదు. కర్నూలులో గాని, కడపలో గాని పట్టణమంతటికి భూగర్భ మురుగువ్యవస్థ నేటికిని లేదు.

ఆ ఖాళీని ఇంటివారు తమకు తోచిన విధముగా సెప్టిక్ ట్యాంకుతో పూరించుకొనిరి. శాస్త్రప్రకారము అది రెండు గదుల తొట్టి. మడ్డి అడుగునకు దిగి, తేరిన నీరు ఇంకుడుగుంతలోనికి పోవలెను. రెండుమూడేండ్ల కొకసారి ఆ మడ్డిని తోడవలెను. ఈ నేల స్వభావము ఆ శాస్త్రమునకు అనుకూలింపదు. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, యెర్రగుంట్ల ప్రాంతములనుండి దేశమంతటికి నాపబండ పంపు సీమ యిది. నాలుగడుగులు త్రవ్వగనే బండ తగులును, బండలేనిచోట నల్లరేగడి వాననీటికి ఉబ్బి చుక్క ఇంకనీయదు, సున్నపురాతి పగుళ్లున్నచోట ఇంకిన నీరు వడగట్టబడకయే పొరుగింటి బోరులోనికి చేరును. కావున మేస్త్రీ ట్యాంకునకు అడుగు వేయక విడిచిపెట్టుటయో, గొట్టమును నేరుగా వీథికాలువలోనికి త్రిప్పుటయో చేసినాడు. పైన నాపబండ మూసి, కీళ్లకు సిమెంటు పూసి, దానిమీదనే మెట్లు కట్టుకొనిన యిండ్లు అసంఖ్యాకములు. పొంగినప్పుడు గాని ఆ బండ లేవదు, లేచినప్పుడు లోపలికి దిగువాడు మరల ఆ పాతకులమువాడే.

స్వతంత్రభారతము ఈ విషయమున చేసిన శాసనములు తక్కువ కావు. 1957లో నియమితమైన మల్కానీ సంఘము నెత్తిమోత మాన్పి తోపుడుబండ్లు ఇయ్యవలెనని 1960లో చెప్పినది. పాకీపనిని, పాకీదొడ్ల నిర్మాణమును నిషేధించు కేంద్రశాసనము 1993లో వచ్చినది. దానిని కోరిన రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కాని దొడ్లను శాసనము కూలద్రోయలేదు. కోలారు బంగారుగనులలోని తెలుగు పాకీకుటుంబమున జన్మించిన బెజవాడ విల్సనును, పేదలపాలిటి అధికారిగా పేరొందిన ఎస్.ఆర్. శంకరనును కూడి 1990లలో నిర్మించిన సఫాయి కర్మచారీ ఆందోళన, ఆంధ్రదేశమున ఊరూర తిరిగి, లేవని అధికారులు వ్రాసియిచ్చిన పాకీదొడ్లను లెక్కించి, ఫోటోలు తీసి, ఆ పని చేయువారి చేతులతోనే పడగొట్టించినది. వారు 2003లో సుప్రీంకోర్టున వేసిన వ్యాజ్యముపై 2014 మార్చి 27న వెలువడిన తీర్పు, మురుగుతొట్టులలో మరణించినవారి కుటుంబములకు పది లక్షల పరిహారము విధించినది. 2023లో కోర్టు దానిని ముప్పది లక్షలు చేసినది. ఈ పోరాటమునకు ఆయుధము గణన: పట్టికలో లేనివారు తమ్ము తామే పట్టిక కెక్కించుకొనిరి.

ఇంతలో నదులును తమ లెక్క చెప్పినవి. 2001లో బుగ్గవంక పొంగి కడపను ముంచినది. 2009 అక్టోబరు 2న తుంగభద్రయు హంద్రియు కలిసి కర్నూలును ముంచినప్పుడు, పాతపట్టణమున నీరు మేడల పై అంతస్తులనందుకొని, తీసినపిదప సెప్టిక్ ట్యాంకులు, కాలువలు, కళేబరములు ఏకమైన బురద వీథుల నిండెను. ఆ బురదను ఎత్తిపోయుటకు రాష్ట్రము నలుమూలల నుండి వచ్చినవారు మునిసిపల్ పారిశుద్ధ్యకార్మికులే. వంకయొడ్డున, హంద్రియొడ్డున గుడిసె వేసికొనిన పేదల కష్టము నీరు తీయుటతో తీరలేదు. వారికి తడిసిన దొడ్డి కూడ లేదు, అసలు దొడ్డియే లేదు.

రాజ్యాంగపు 74వ సవరణ 1993లో అమలులోనికి వచ్చి, ప్రజారోగ్యమును, పారిశుద్ధ్యమును పురపాలకసంఘములకు అప్పగింపదగిన పనులలో చేర్చినది. 2008 నాటి జాతీయ పట్టణ పారిశుద్ధ్య విధానము ప్రతి నగరమును ప్రణాళిక వ్రాసికొమ్మన్నది. 2017లో మలవ్యర్థముల నిర్వహణకు కేంద్రమును, ఆంధ్రప్రదేశమును వేర్వేరుగ విధానములు ప్రకటించినవి. వ్రాయుట ఎవరికి వచ్చును? గుత్తేదారునకు అంచనాలు వేయుటయే యెరిగిన కార్యాలయమునకు ప్రణాళిక వ్రాయుట ఒక క్రొత్త విద్య. ఆ విద్యను నేర్పుటకు పూనుకొనిన సంస్థలలో, 1956లో హైదరాబాదున స్థాపితమైన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి ముఖ్యమైనది. దాని తోడ్పాటుతో వరంగల్లు నగరము సెప్టిక్ ట్యాంకులు తోడు లారీలవారిని నమోదుచేసి, వారికి శిక్షణయు రక్షణవస్త్రములును సమకూర్చి, తోడినదంతయు శుద్ధికేంద్రమునకే తేవలెనని కట్టడిచేసినది. పశ్చిమ గోదావరిలోని నరసాపురము వంటి చిన్నపట్టణమును ఆ బాటనే పట్టినది. బెంగుళూరు చేరువనున్న దేవనహళ్లిలో 2015 నాటికే చిన్నపట్టణమునకు తగిన శుద్ధికేంద్రము వెలసియుండెను. మహారాష్ట్రలోని వాయి పట్టణము, ట్యాంకు పొంగువరకు ఆగక, వంతులవారీగా ప్రతి యింటిట్యాంకును తోడించు ఏర్పాటు చేసినది.

ఈ శిక్షణలలో పాఠము గొట్టముతో మొదలుకాదు. పట్టణమున పుట్టిన మలము ఎన్నివంతులు గొట్టములోనికి, ఎన్నివంతులు ట్యాంకులోనికి, ఎన్నివంతులు వీథికాలువలోనికి, ఎన్నివంతులు బయలునకు పోవుచున్నదో ఒక పటముగా గీయుటతో మొదలగును. ఆ పటము గీయునప్పటికి, శుద్ధియైనది యెంత తక్కువయో కమిషనరునకును ఇంజనీరునకును తమ చేతివ్రాతలోనే తెలియవచ్చును. పిమ్మట వార్డుపట్టిక: లారీగొట్టము చేరని సందులెన్ని, పదిమంది అద్దెవారికి ఒక్క దొడ్డి గల యిండ్లెన్ని, పట్టా లేదను కారణమున మరుగుదొడ్డి మంజూరు కాని గుడిసెలెన్ని, కూర్చుండలేని వృద్ధులకు, అంగవైకల్యము గలవారికి ఏర్పాటేమి, బడిలో ఎదిగిన ఆడపిల్లలకు నీటితోగూడిన గది కలదా, బస్టాండున ట్రాన్స్‌జెండరు వ్యక్తి ఏ తలుపు తట్టవలెను. 2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశమున ఆరంభమైన గ్రామ, వార్డు సచివాలయ వ్యవస్థలో ప్రతి వార్డునకు పారిశుద్ధ్య, పర్యావరణ కార్యదర్శి యొకరు ఏర్పడుట ఈ పనికి గొప్ప సాధనము. ఇన్స్పెక్టరు పట్టణమంతటికి ఒకరిద్దరుగా నుండినకాలమున వీథి తెలియలేదన్న సాకు ఇప్పుడు చెల్లదు. పట్టణ పేదరిక నిర్మూలన సంస్థయైన మెప్మా మహిళాసంఘములు చేయి కలిపినచో, ఇంటిలోని దొడ్డిసంగతి అడుగుటకు పరాయిమగవాడు అవసరములేదు.

అయితే శిక్షణకును ప్రమాదము కలదు. హైదరాబాదులో రెండురోజులు కూర్చుండి, బొమ్మలు చూచి, సర్టిఫికేటు తీసికొని వచ్చిన అధికారి ఆర్నెల్లలో బదిలీయైనచో, విద్య ఆయనతో బదిలీయగును. కాబట్టి నేర్చినది మనిషిలో గాక కార్యాలయపు పద్ధతిలో నిలువవలెను: వార్డుపట్టిక ఏటేట తిరగవ్రాయుట, ప్రతి లారీ యెక్కడ కుమ్మరించెనో చీటీ ఉంచుట, బడ్జెటులో పారిశుద్ధ్యపువాటాను వీథులవారీగా విడదీసి కౌన్సిలు ముందు చదువుట. 1939 శాసనము డబ్బు కేటాయించుట నేర్పినది; ఆ డబ్బు ఏ వీథిని చేరెనో అడుగుట ఇప్పుడు నేర్పవలసినది.

2011 నాటికే కర్నూలున నాలుగు లక్షలు, కడపలో మూడు లక్షల నలువదివేలు దాటిన జనముండినట్లు జనాభా లెక్కలు చెప్పుచున్నవి. ఈ పట్టణముల అడుగున ఏయే తొట్టి యెక్కడ నున్నది, ఏ కాలువ యెక్కడ పూడినది, ఏ బండ యెత్తిన విషవాయువు కొట్టును అను జ్ఞానము ఏ ఇంజనీరు పటములోను లేదు. లోపలికి దిగినవారి కుటుంబములలో తరతరములుగ నిలిచియున్నది. శిక్షణతరగతిలో వారిని చివరిబెంచీమీద కూర్చుండబెట్టి చేతితొడుగులు పంచి పంపుట చాలదు. బోధకునిగా ఆ మనిషికి రుసుము చెల్లించి పిలిపించి, పటము గీయుటకు సుద్దముక్క ఆయన చేతికిచ్చి, కమిషనరు ఎదుట కూర్చుండి వ్రాసికొననిదే, ఏ పట్టణమును తన ప్రణాళికలో అందరిని చేర్చుకొంటినని చెప్పుకొనజాలదు.